ఆదోని బాకీపడ్డ మూడు చెప్పులు

ఎమ్మిగనూరు నేతగాడు ఒకాయన మా ఆదోనిలో పోగొట్టుకున్న వస్తువుల లెక్క ముందు చెబుతాను. తలగుడ్డలు రెండు; అందులో ఒకటి ఎర్ర అంచుది, ఆయన సొంతంగా నేసుకున్నది. వక్కాకు తిత్తి ఒకటి. జొన్నరొట్టెలు, గురెళ్ల కారం ఉన్న సద్దిమూట ఒకటి, గుడ్డతో సహా. చెప్పులు మూడు. మొత్తం ఏడు.

వస్తువులు కానివి కూడా పోయాయి. వాళ్ల ఎమ్మిగనూరులో నమ్మకస్తుడన్న పేరు మొదట పోయింది. తర్వాత తెలివైనవాడన్న పేరు పోయింది. ఇవి కాటాకు ఎక్కవు కాబట్టి మొత్తంలో కలపలేదు.

చెప్పులు పోతే రెండు పోవాలి, లేదా నాలుగు. మూడేమిటి? నేనూ అదే అడిగాను, చాలాసార్లు.

పోయిన నెల ఎమ్మిగనూరు నుంచి పంచెల మూటతో వచ్చిన మరో నేతగాడు మా మిల్లు గేటు దగ్గర బీడీ ముట్టించుకుంటూ ఆయన పోయాడని చెప్పాడు. ఎట్లా అని అడిగితే, "ముసలోడప్పా. మగ్గం దిగినాడు, మంచమెక్కినాడు, పాయ" అన్నాడు. ఒక మనిషికి అది చాలా తక్కువ అనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

నేను పత్తి జిన్నింగు మిల్లులో కాటా దగ్గర పనిచేస్తాను, అప్పుడూ ఇప్పుడూ. బడి చిన్నప్పుడే ఆగిపోయింది. పత్తి బోరాల మీద బొగ్గుతో వేసి వేసి లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. కర్నూలు రాజధానిగా ఉన్న ఆ రోజుల్లో ఆదోనికీ ఎమ్మిగనూరుకూ మధ్య చెడుగుడు పందేలు జోరుగా సాగేవి. పాయింట్ల లెక్క నాకు అప్పజెప్పారు. ఆదోని మనిషినైనా ఎమ్మిగనూరు వాళ్లు అడ్డు చెప్పలేదు. కాటా మీద నేను ఎటువైపూ వేలు పెట్టనని వాళ్ల ఊరి రైతులు సాక్ష్యం చెప్పారట. నా చొక్కాకు కుడి జేబు ఆదోనిది, ఎడమ జేబు ఎమ్మిగనూరుది. కూతకు పోయినవాడు ఎదుటి మనిషిని తాకి, ఊపిరి తెగకుండా నడిమి గీత దాటి వస్తే వాడి జట్టు జేబులో ఒక పత్తిగింజ. వాణ్ణి పట్టి ఆపేస్తే పట్టినవాళ్ల జేబులో ఒక గింజ.

ఆట మార్కెట్టు పక్కన, మా మిల్లు గోడ వారనున్న బయల్లో జరిగేది. రెండు కొసల్లోనూ పత్తి దించిన ఖాళీ బండ్లు, కాడి నేలకు ఆనించి నిలబెట్టి ఉండేవి. ఒక్కో జట్టు బరి వెనక ఆ జట్టు జనం కూర్చునేవారు. ఆయన ఒక్కడే తప్పు పక్కన కూర్చునేవాడు.

ఎమ్మిగనూరు జట్టులో కూతకు పోయేవాళ్లలో మొనగాడు ఆయన కొడుకు. పద్దెనిమిదేళ్లవాడు, సన్నగా ఉండేవాడు. అందరూ నిటారుగా పోతే వాడు నడుము బాగా వంచి, చూపు నేలమీద పెట్టి పోయేవాడు. తండ్రేమో ఆదోని జనం వెనక, ఏదో ఒక బండి వెనక పలక మీద, కాళ్లు కిందికి వేలాడేసి కూర్చునేవాడు. వెనక కూర్చుంటే బండి కాడి పైకి లేవాలి. బక్కమనిషి, ఆయన బరువుకు అది కదిలేది కాదు. ఎక్కగానే చెప్పులు విడిచి కింద జతగా పెట్టేవాడు. కొడుకు కూతకు దిగితే చాలు, ఆయన కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి కిందికీ పైకీ ఆడేవి. కాళ్లతో తొక్కే గుంటమగ్గం మీద బతికిన మనిషి కదా, కాళ్లు ఊరుకోవని అనుకున్నాను.

ఆయన అరవడం నేను ఎన్నడూ వినలేదు. మిగతా తండ్రులు గీత పక్కన నిలబడి గొంతులు చించుకునేవారు. మా ఊరి పత్తి దళారీ ఒకాయన మరీ ఎక్కువ. "ఎడమకు పోరా! ఎడమకు! నీ ఎడమ ఏదిరా, దున్నపోతా!" వాళ్ల అబ్బాయి ఎదుటివాళ్లను చూడ్డం మాని తండ్రిని చూస్తూ దొరికిపోయేవాడు. దొరికినప్పుడల్లా దళారీ నా వైపు తిరిగి, "ఇది లెక్కకు రాదు, వాడు నా మాట ఇనలేదు" అనేవాడు.

ఈయన ఆట అయ్యాక కూడా గెలిచారా ఓడారా అని అడిగేవాడు కాదు. కొడుకు దగ్గరికి పోయి ఒకే మాట అనేవాడు. "ఆకలైతాందా?" తర్వాత మూట విప్పేవాడు.

ఒక పందెంలో సగం ఆట అయ్యాక జట్లు బరులు మార్చుకున్నప్పుడు ఆయన బండి దిగి, చెప్పులు చేతపట్టుకుని, బయలంతా చుట్టి అవతలి కొసలో ఉన్న బండి ఎక్కాడు. ఎమ్మిగనూరు జనం ఇటు వస్తుంటే ఈయన అటు పోతున్నాడు. అది చూసినప్పటినుంచి నాకు నిద్ర పట్టనివ్వని లెక్క ఒకటి తగులుకుంది. ఈ మనిషి ఎప్పుడూ ఎదుటివాళ్ల వెనకే ఎందుకు ఉంటాడు?

అడిగేశాను. "ఏం మామా, మీ ఊరోళ్లు ఆ పక్క ఉంటే నువ్వు ఈ పక్క కూసుంటావే?"

"ఈడ నీడ ఉండాది లెక్కలప్పా." నన్ను అట్లాగే పిలిచేవాడు.

తర్వాతి పందెం పొద్దున జరిగింది. నీడ అవతలి కొసలో ఉంది. ఆయన ఎండలోనే కూర్చున్నాడు. మళ్లీ అడిగాను.

"మీ ఊరోళ్లు శెనక్కాయలు పెడతారప్పా. మావోళ్లు పిసినిగొట్లు."

ఆ రోజంతా గమనించాను. ఒక్క కాయ ఎవరూ పెట్టలేదు. సరికదా, మా ఊరి పిల్లలు ఆయన విడిచిన చెప్పులు రెండూ ఎత్తుకుపోయారు. ఆయన బండి దిగి, కింద చూసి, తల గోక్కుని, "మీ ఊరు నాకు రెండు సెప్పులు బాకీ" అని నాతో చెప్పి, కాలుతున్న నేలమీద బస్సు దాకా నడిచిపోయాడు. తర్వాతి పందేనికి కొత్త జత వేసుకొచ్చాడు. మళ్లీ అదే పక్కన కూర్చున్నాడు, మళ్లీ చెప్పులు విడిచే కూర్చున్నాడు. నా కుతూహలం ఇంకా పెరిగింది.

ఆ వేసవిలో మిల్లు యజమాని పంచెలు తెమ్మని నన్ను ఎమ్మిగనూరు పంపాడు. నేతవాళ్ల వీధిలో అడుగు పెడితే ఇంటింటా మగ్గం చప్పుడు. ఒక ఇంట్లో మాత్రం ఆ చప్పుడుతో పాటు కూత కూడా వినపడింది. వాకిట్లో నిలబడి లోపలికి చూశాను.

ఆయన గుంటలో కాళ్లు పెట్టి మగ్గం నేస్తున్నాడు. కొడుకు గుంట గట్టున నడుము వంచి, గుంటలోకి చూస్తూ కూత పెడుతున్నాడు. తండ్రి కాలు ఒకసారి తొక్కితే కొడుకు అడుగు ఒకటి పడుతోంది. నూలు మోసే నాడె అటూ ఇటూ పోతోంది, కూత సాగుతోంది. నాకు అలవాటు కాబట్టి లోలోపల అంకెలు లెక్కపెట్టాను. మైదానంలో ఎవరూ నిలపలేనంత సేపు నిలిచింది. కూత ఆగాక తండ్రి కాళ్లు ఆగాయి. అప్పుడు ఆయన నన్ను చూశాడు.

"వచ్చినావా లెక్కలప్పా? రా, కూసో. సూసినావు కదా, ఇంక దాచేదేముండాది."

కొడుకు సిగ్గుపడి నీళ్లు తెస్తానని లోపలికి పోయాడు.

"వానికి తొందరెక్కువ" అన్నాడు ఆయన గొంతు తగ్గించి. "కూతకు దిగుతానే ఊపిరంతా ముందే పారేస్తాడు. సిన్నప్పుడు ఈ గట్టున కూసోని నా కాళ్లు సూస్తా కూత పెడతాండె. కాళ్లు సూస్తే నిమ్మళంగా పోతాది వాని ఊపిరి. సూడకపోతే తెగుతాది. మా జట్టు పక్క నేను కూసుంటే వాని వీపుకు కనపడతానా? పోయేటోని మొగం ఎటుంటే ఆ పక్క ఉండల్ల కదప్పా నేను."

ఇంత తేలికైన లెక్క నాకు తట్టలేదు.

"ఆట గురించి ఏమన్నా చెబుతావా వాడికి?"

"నాకేం తెలుసప్పా ఆట? ఎవురు గెలిచినారో కూడా సప్పట్లు ఇని తెలుసుకుంటా." నవ్వాడు. ఆ తర్వాత నవ్వు ఆపి నా వైపు చూశాడు. "నువ్వు ఆదోనోనివి. నీకు తెలిసిపాయ. మీవోళ్లకు సెప్తావా?"

"లెక్క పట్టేవానికి ఊరుండదు మామా" అన్నాను.

ఆయన తల ఊపి మళ్లీ మగ్గం తొక్కడం మొదలుపెట్టాడు. నీళ్లు తెచ్చిన కొడుకు చెంబు నా చేతికిచ్చి, చూపు మళ్లీ గుంటలోకే పోనిచ్చాడు.

ఆ ఏడాది పత్తి వచ్చే కాలానికి ఎమ్మిగనూరులో గుసగుస మొదలైంది. ఈయన ఆదోని వాళ్లకు జట్టు గుట్లు చేరవేస్తున్నాడని, అందుకే వాళ్ల వెనక కూర్చుంటాడని. జట్టును నడిపించే ఆయన నూలు సావుకారి. వీధిలో సగం మగ్గాలకు నూలు ఆయన ఇంటినుంచే పోయేది, ఈయన మగ్గానికి కూడా. పందెం రోజు బస్సు దిగగానే, అందరూ వింటుండగా, సావుకారి తండ్రీకొడుకులను నిలబెట్టాడు.

"ఏమప్పా, నీ కొడుకు మా జట్టు, నువ్వు ఆదోని జట్టా? ఇయ్యాల మా పక్కన కూసుంటే వాడు ఆడతాడు. ఆ పక్కకు పోయినావా, వాడు జట్టులో లేడు. ఇంక ఎప్పటికీ లేడు."

కొడుకు ముఖం ఎర్రబడింది. "అది కాదన్నా, మా నాయన ఆడ కూసునేది..." అని మొదలుపెట్టాడు. తండ్రి వాడి మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"సరేలే అన్నా. నీ పక్కనే కూసుంటా" అన్నాడు సావుకారితో.

నేను గీత వేయడానికి సున్నం పట్టుకుని దగ్గరలోనే ఉన్నాను. సావుకారి అటు పోగానే కొడుకు విసురుగా అన్నాడు. "నిన్ను దొంగంటాండారు నాయనా. నిజం సెప్తే పోతాది కదా!"

"ఎవురికి సెప్తావురా? సావుకారికి సెప్తే సందేళకు మన ఊరికి తెలుస్తాది. మన ఊరికి తెలిస్తే ఆదోనికి రేపటికి తెలుస్తాది. బండికి అడ్డం ఒక గోనెపట్టా కడతారు. అంతే, అయిపాయ నీ ఆట. నన్ను అననీలే. అంటే నాకేమన్నా ఊపిరి తెగుతాదా?"

ఆట మొదలైంది. ఎమ్మిగనూరు జనం వెనక బండి మీద ఆయన, పక్కనే ఆయన భుజం మీద చెయ్యి వేసి సావుకారి. కాళ్లు వేలాడుతున్నాయి గానీ ఆడడం లేదు. చెప్పులు కూడా విడవలేదు. కొడుకు కూతకు దిగి, నడుము వంచి, ఆదోని జనం వెనక ఖాళీ బండ్ల వైపు ఒకసారి చూశాడు. ఊపిరి గబగబా పోయింది. దొరికిపోయాడు. రెండోసారీ దొరికాడు. మూడోసారి గీతకు జానెడు ఇవతల కూత తెగింది. నా కుడి జేబు బరువెక్కుతోంది, ఎడమ జేబులో గింజలు ఒకదానికొకటి తగలడం లేదు.

"సూసినారా?" అని సావుకారి చుట్టూ ఉన్నవాళ్లతో అంటున్నాడు. "తండ్రి అమ్ముకున్నాడు, కొడుకు ఓడిపోతాండాడు. ఇయ్యాలతో ఆకరు."

సగం ఆటకు ఈల వేయడానికి కాస్త ముందు నేను బండి వైపు చూశాను. సావుకారి ఆటలో మునిగి భుజం మీది చెయ్యి తీశాడు. ఆయన ఒకసారి అటూ ఇటూ చూశాడు. కుడికాలి చెప్పును బొటనవేలితో తగిలించి, మగ్గం తొక్కినంత నిదానంగా వెనక్కి ఊపి, ఒక్క విసురు విసిరాడు. చెప్పు జిన్నింగు మిల్లు గోడ దాటి అవతల పడింది. మేమిద్దరం తప్ప ఎవరూ చూడలేదు. ఆయన నన్ను చూశాడు. నేను నా జేబుల్లోకి చూసుకున్నాను.

ఈల పడింది. జట్లు బరులు మార్చుకున్నాయి. జనం లేచారు.

"లెయ్యప్పా, పోదాం ఆ పక్కకు" అన్నాడు సావుకారి.

"ఒక సెప్పు కనపడల్యా అన్నా. మునుపు రెండూ పాయ. ఇదన్నా ఎతుక్కోని వస్తా, నువ్వు పోతాండు."

"నీ సెప్పుకొక దండం! ఊపిరి బిగబట్టుకోని ఆడేకాడ సెప్పంట!" అని సావుకారి జనంతో పాటు అవతలికి పోయాడు.

ఆదోని జనం ఇవతలికి వచ్చి బండి ముందు కూర్చున్నారు. ఆయన ఎక్కడివాడు అక్కడే ఉన్నాడు. ఇప్పుడు ఆయన ఎదుటివాళ్ల వెనక ఉన్నాడు. రెండో చెప్పు కూడా తీసి పక్కన పెట్టాడు. కొడుకు గీత దాటి, నడుము వంచి, తల కొద్దిగా ఎత్తాడు. ఆయన కాళ్లు ఆడాయి.

ఆ కూత నాకు ఇప్పటికీ గుర్తుంది. తొందర లేదు. ఒక్కో అడుగూ పడుతోంది, ఊపిరి నూలు పోగులా సాగుతోంది. మావాళ్లలో ఇద్దరిని తాకి వచ్చాడు. తర్వాత ఒకరిని. మళ్లీ ఇద్దరిని. ఎడమ జేబులో వేసిన గింజలు అక్కడ చిన్న చిల్లు ఉందని నాకు ఆ రోజే తెలియజేశాయి. రాలినవి ఏరుకుని, అన్నీ పిడికిట్లో పట్టుకున్నాను. మధ్య మధ్య ఆయన బండి దిగి కిందికి వంగి చెప్పు వెతికినట్టు చేసేవాడు. కొడుకు వంతు రాగానే మళ్లీ ఎక్కేవాడు.

ఆదోనే గెలిచింది, రెండు గింజల తేడాతో. కానీ సావుకారి పరుగెత్తుకొచ్చి వాణ్ణి భుజాల మీదికి ఎత్తుకున్నాడు. "మన జట్టుకు కూత అంటే ఈడేరా! ఈన్ని తీసేసేదేంది!" అన్నాడు. తర్వాత తండ్రి వైపు తిరిగి వేలు ఆడించాడు. "సూసినావా? నాలుగు మాటలంటే తండ్రీకొడుకులు ఎట్ల దారికొచ్చినారో!"

"అవునన్నా" అన్నాడు ఆయన, ఒక్క చెప్పు చేతిలో పట్టుకుని. కొడుకు దగ్గరికి పోయి, "ఆకలైతాందా?" అన్నాడు.

ఆ తర్వాత ప్రతి పందేనికీ ఆయన సావుకారి పక్కనే బుద్ధిగా కూర్చునేవాడు. సగం ఆటకు ఏదో ఒకటి పోయేది. ఒకసారి తలగుడ్డ, ఒకసారి వక్కాకు తిత్తి, ఒకసారి సద్దిమూట. వెతుక్కుంటూ అక్కడే ఉండిపోయేవాడు. దాచినవాటిలో కొన్ని తిరిగి దొరికేవి. మా ఊరి పిల్లల పుణ్యమా అని కొన్ని నిజంగానే పోయేవి. పైన చెప్పిన ఏడూ దొరకనివి. కొడుకు మొదటి సగంలో ఊపిరి దాచుకుని, రెండో సగంలోనే ఎక్కువ కూతకు పోవడం అలవాటు చేసుకున్నాడు. ఎమ్మిగనూరులో తండ్రికి కొత్త పేరు పెట్టారు, "మతిమరుపాయన" అని. ఒకసారి బాధగా లేదా అని అడిగితే, "దొంగ అనేదానికంటే మతిమరుపోడు అనేది నయం కదప్పా. దొంగ కొడుకును ఆడనియ్యరు. మతిమరుపోని కొడుకును ఆడనిస్తారు" అన్నాడు.

కొడుకు నాలుగైదేళ్లు ఆడాడు. మోకాలు దెబ్బతిన్నాక మగ్గం ఎక్కాడు. తర్వాత కూడా ఆయన గుడ్డలు అమ్ముకోవడానికి ఆదోని వచ్చినప్పుడల్లా మిల్లు గేటు దగ్గర ఆగేవాడు.

"ఏం లెక్కలప్పా, మీ ఊరు నాకు మూడు సెప్పులు బాకీ. ఎప్పుడిస్తారు?"

"రెండు మామా. మూడోది నువ్వే విసిరినావు. నేను సూసినా."

"విసిరేకాడికి తెచ్చినోళ్లెవురు?"

"అది మీ సావుకారి. మీ ఊరి బాకీ మా ఊరి మీద వేస్తాండావే?"

"మా ఊరిని ఎట్ల అడుగుదునప్పా? నూలు ఆణ్ణించే రావల్ల. నిన్నైతే అడగొచ్చు."

ప్రతిసారీ ఇదే వాదన. నేను రెండు దగ్గరే నిలబడేవాణ్ణి. ఆయన మూడు దగ్గర.

మొన్న మా అమ్మాయి బడిలో పరుగుపందెం ఉందని, నన్ను రమ్మంది. పోయాను గానీ ఎక్కడ నిలబడాలో తోచలేదు. "యాడ నిలబడేది పాపా?" అని అడిగాను. అది నవ్వింది. "ఆ కొసన, దారం పట్టుకుంటారే, దాని అవతల నిలబడు నాయనా. ఎనకాల నిలబడితే నాకెట్ల కనపడతావు? అరవొద్దు మాత్రం." దారానికి అవతల నిలబడ్డాను. చెప్పులు విడిచి ఎందుకు నిలబడ్డానో పక్కనున్నవాళ్లకు అర్థం కాలేదు.

ఇంతకూ మిల్లు గేటు దగ్గర ఆ నేతగాడు బీడీ పారేసి, మూట ఎత్తుకుంటూ ఇంకో మాట కూడా చెప్పాడు.

"కొడుకే యెర్రోడప్పా. తండ్రి పోతాంటే తలాపున కూసోని నోట్లో నీళ్లు పొయ్యల్లనా లేదా? తలాపుకు పొమ్మంటే పోల్యా. కాళ్ల పక్క కూసున్నాడు. అందరూ తిట్టినారు. అట్లే కూసున్నాడు."

"కాళ్లు ఆడుతాండెనా?" అని అడిగాను.

అతను మూట దించి నన్ను వింతగా చూశాడు. "దుప్పటి కింద ఆడుతానే ఉండె, ఆకరిదాంకా. నీకెట్ల తెలుసు?"

నేను చెప్పలేదు. లెక్క పట్టేవాడు చెప్పడు.

అతను పోయాక కాటా దగ్గరికి వచ్చి కూర్చుని, మొదటినుంచి మళ్లీ లెక్క వేశాను. మావాళ్లు ఎత్తుకుపోయినవి రెండు. గోడ దాటింది ఒకటి. ఆయన తన ఊరిని అడగలేని దాన్ని నన్ను అడిగాడు, నన్నైతే అడగొచ్చు అనుకున్నాడు కాబట్టి.

ఆదోని ఆయనకు ఈ రోజు వరకూ బాకీ: చెప్పులు, మూడు.